సర్వరుగారి జన్మముహూర్తం

సుదీప్ కోరుకున్నది కొండ మీది కోతినేం కాదు. పెళ్లయిన ఎనిమిదేళ్లకి అతని భార్య సత్యశ్రీ నీళ్లోసుకుంది. పుట్టబోయే బిడ్డని పుట్టిన వెంటనే, నర్సు చేతుల్లోంచి తన చేతుల్లోకి తీసుకుని కళ్లారా చూడాలి. అంతే. ఈ మాట అతను ఆఫీసులో చెప్పాడు, టీ కొట్టు దగ్గర చెప్పాడు, చెన్నైలో ఉన్న పై ఆఫీసరుకి ఫోన్లో చెప్పాడు, అడగని వాళ్లక్కూడా చెప్పాడు. ఎనిమిదేళ్లపాటు ఊళ్లోవాళ్ల పిల్లల బారసాలలకి వెండి గ్లాసులు మోసిన మనిషి మరి, చెప్పుకోడూ?

ఇంత చిన్న కోరికకి ఒక కంప్యూటరు అడ్డం పడుతుందని ఎవరైనా అనుకుంటారా? పడింది. తప్పెవరిదని మాత్రం నన్నడక్కండి. అడిగితే చాలా పేర్లు చెప్పాల్సొస్తుంది, అందులో ఒక చేప కూడా ఉంది.

అది రెండువేల ఐదో సంవత్సరం. యానాంలో కనకాలపేట దాటాక రోడ్డు పక్కన రొయ్యల మేత తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటుండేది. గాలి ఇటు తిరిగితే ఊరంతా ఎండుచేపల వాసన. హెడ్డాఫీసు చెన్నైలో. యానాం ఫ్యాక్టరీకి డైరెక్టరు శ్రీరామచంద్రమూర్తిగారు. పంచాంగం చూడకుండా గోళ్లు కూడా తీసుకోని మనిషి. అక్కడి కంప్యూటర్లన్నిటికీ దిక్కు సుదీపే. తీగ ఊడినా, ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా, మేనేజరుగారు పాస్‌వర్డ్ మర్చిపోయినా, అతన్నే కేకేస్తారు.

ఆ శ్రావణమాసంలో చెన్నైవాళ్లు యానానికి సొంతంగా ఒక సర్వరు పంపించారు. అందులో డైరెక్టరీ అని ఒకటుంటుంది. కంపెనీలో ఎవరెవరున్నారు, ఎవరి పాస్‌వర్డ్ ఏమిటి, ఎవరు ఏ ఫైలు ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకోకూడదు, అంతా దాని కడుపులోనే. పొద్దున్నే ఎవరైనా కంప్యూటరు ముందు కూర్చుని పేరు కొడితే, వీడు మనవాడే రానివ్వండి అని చెప్పాల్సింది అదే. చెన్నైలో ఇలాంటిదే ఇంకొకటుంది. ఇవి రెండూ రోజంతా తీగ మీద మాట్లాడుకుంటూ, ఇక్కడ చేరినవాళ్ల పేర్లు అక్కడ, అక్కడ మారిన పాస్‌వర్డులు ఇక్కడ ఎక్కించుకుంటాయి. వియ్యపురాళ్లన్నమాట. ఒకరి మాట ఒకరు నమ్మినంతకాలం అంతా సవ్యంగానే సాగుతుంది.

కొత్త సర్వరుకి మూర్తిగారు ముహూర్తం పెట్టించారు. పొద్దున తొమ్మిదిన్నరలోపు దివ్యమైన లగ్నం, అది దాటితే వర్జ్యం. సర్వరుకి పసుపు రాశారు, బొట్టు పెట్టారు, బంతిపూల దండ వేశారు. దండ అడ్డమొచ్చి గాలి ఆడదని సుదీప్ గొణిగితే, ఒక్కరోజుకి చచ్చిపోదులే అన్నారు. తొమ్మిదింటికి పురోహితుడు మంత్రం అందుకున్నాడు. తొమ్మిదీ ఐదుకి కరెంటు పోయింది.

జనరేటరు ఉంది. దాని తాళంచెవి మాత్రం ఎలక్ట్రీషియను బుల్లబ్బాయి మొలతాడుకి ఉంది. బుల్లబ్బాయి ఎక్కడున్నాడంటే, దరియాలతిప్ప వైపు గోదారొడ్డున, పులస కోసం పడవలు ఎప్పుడొస్తాయా అని చూస్తూ గొంతుక్కూర్చుని ఉన్నాడు. పంపించింది ఇంకెవరో కాదు, మూర్తిగారే. సర్వరు ప్రారంభానికి చెన్నై వాళ్లకి పులస పులుసు పెట్టాలని ఆయన ముచ్చట. చెన్నై నుంచి ఎవరూ రాలేదు, అది వేరే సంగతి. పది దాటాక బుల్లబ్బాయి చేపని తోకపట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు. దొరికిందండయ్యా అన్నాడు. ముహూర్తం పోయిందిరా అన్నారు మూర్తిగారు.

తర్వాత ఆయన సర్వరు చుట్టూ ఒకసారి ప్రదక్షిణంలా తిరిగి, సుదీప్‌ని పక్కకి పిలిచారు.

"దీని లోపల గడియారం ఉంటుందా?"

"ఉంటుందండి."

"మనం ఎంత చెబితే అంతే కదా దానికి తెలిసేది?"

ఇక్కడే సుదీప్ నాలుక కరుచుకుని ఊరుకోవాల్సింది. కానీ అవతల సత్యశ్రీకి ఏడోనెల. కాకినాడలో స్కానింగుకి తీసుకెళ్లాలి, బస్సు వెళ్లిపోయేలా ఉంది. ఈ తంతు ఎంత త్వరగా తెమిలితే అంత మంచిది. ఏముంది, సాయంత్రం వచ్చి సరిచేసెయ్యొచ్చు అనుకుని, సర్వరు గడియారాన్ని ముప్పావుగంట వెనక్కి తిప్పాడు. చెన్నై గడియారం చూసి దిద్దుకునే అలవాటు దానికుంది, ఆ అలవాటు కూడా మాన్పించాడు. తెరమీద తొమ్మిదీ పాతికని చూసి మూర్తిగారు కొబ్బరికాయ కొట్టారు. వర్జ్యంలో పుట్టాల్సిన సర్వరు దివ్యలగ్నంలో పుట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం సుదీప్ గడియారం సరిచెయ్యబోతే మూర్తిగారు చెయ్యి పట్టుకున్నంత పని చేశారు.

"పుట్టినదాని టైము మారుస్తావేంటయ్యా? ముప్పావుగంట ముందుకి తోశావంటే దాని ఆయుష్షులో ముప్పావుగంట పోయినట్టే. పోయేది ఏ ముప్పావుగంటో నీకు తెలుసా?"

యంత్రానికి ఆయుష్షేంటండీ అన్నాడు సుదీప్. మూడేళ్ల వారంటీ అని వాళ్లే అచ్చువేసి ఇచ్చారు కదా, ఆయుష్షు లేదంటావేం అన్నారాయన. దీనికి జవాబు ఏమిటో సుదీప్‌కి ఇప్పటికీ తట్టలేదు. మీకు తట్టితే అతనికి చెప్పండి.

మర్నాటి నుంచి మొదలైంది తిరకాసు. సర్వరు మనిషిని గుర్తుపట్టాక ఒక టికెట్టు ఇస్తుంది, బస్సు టికెట్టు లాంటిదే, దాని మీద టైము ఉంటుంది. ఇంకో సర్వరు దగ్గరికి వెళ్తే అది కండక్టరులా టికెట్టు చూస్తుంది. తన గడియారానికీ టికెట్టు మీది టైముకీ ఐదు నిమిషాలకి మించి తేడా ఉంటే, ఇది దొంగ టికెట్టు పొమ్మంటుంది. యానాం నుంచి వెళ్లిన ప్రతి టికెట్టూ చెన్నైలో దొంగ టికెట్టే అయింది. చెన్నై టికెట్లని యానాం సర్వరు కూడా అంతే మర్యాదగా గెంటేసింది. వియ్యపురాళ్లకి మాటల్లేవు. ఫ్యాక్టరీ లోపల మాత్రం అంతా సుఖంగా ఉంది. ఇక్కడి కంప్యూటర్లన్నీ ఈ సర్వరు టైమునే చూసుకుంటాయి కాబట్టి వాటిమధ్య గొడవ లేదు.

చెన్నైలో కంపెనీ సర్వర్లన్నిటికీ పెద్దదిక్కు సెబాస్టియన్ అని ఒకాయన. తెలుగు బాగానే మాట్లాడతాడు, కోపమొస్తే మాత్రం ఇంగ్లీషు. సుదీప్ అతనికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. ముహూర్తం సంగతి విని అతను పెద్దగా నవ్వాడు. మొదట జోకనుకున్నాడట. తర్వాత అతను చెప్పింది ఇది: యానాం సర్వరుతో రెండు నెలలు మాటల్లేకపోతే చెన్నై సర్వరు దాన్ని చచ్చిపోయినట్టే లెక్కవేస్తుంది, మళ్లీ గుమ్మం తొక్కనివ్వదు. ఈలోపు గడియారం సరిచెయ్యి. సుదీప్ తన సెలవు సంగతి ఎత్తాడు. కాన్పు సమయానికి పదిహేను రోజులు సెలవు కావాలి సార్, బిడ్డ పుట్టేసరికి నేనక్కడ ఉండాలి అన్నాడు. సెలవు చెన్నై సర్వరులోనే పెట్టాలి, కాగితం మీద సెలవులు రద్దు చేశాం, కానీ మా సర్వరు దృష్టిలో నువ్వు దొంగ టికెట్టువి కదా, ముందు గడియారం దిద్దు, తర్వాత పిల్లల్ని కను అన్నాడు సెబాస్టియన్.

సుదీప్ మూర్తిగారి కాళ్లావేళ్లా పడ్డాడు. గడియారం మీద చెయ్యేశావంటే పర్మనెంటుగా సెలవిచ్చేస్తాను, అప్పుడు తాపీగా కాన్పు చూసుకోవచ్చు అన్నారాయన, ఏమాత్రం కోపం లేకుండా. ఎనిమిదేళ్లకి పుట్టే బిడ్డకి ఉద్యోగం లేని తండ్రిని చూపించడం సుదీప్‌కి ఇష్టం లేదు. నోరుమూసుకుని తిరిగొచ్చాడు.

ఇంతవరకైతే ఫ్యాక్టరీ గోలే. అసలు సంగతి ఇక్కణ్నుంచి. హాజరు మిషను సర్వరు టైమునే చూస్తుంది. ఫ్యాక్టరీ సైరను ఎప్పుడూ మోగేటట్టు మోగితే, గేటు లోపలికొచ్చిన కూలీలకి, ఇంకా టైము కాలేదని హాజరు పడటంలేదు. వాళ్లు గొడవచేస్తే బుల్లబ్బాయి తీగలు అటూ ఇటూ లాగి సైరన్ని హాజరు మిషనుకి కలిపేశాడు. ఇక సైరను కూడా ముప్పావుగంట ఆలస్యం. కనకాలపేటలో సైరను విని పొయ్యి వెలిగించేవాళ్లున్నారు, సైరను విని పిల్లల్ని బడికి తోలేవాళ్లున్నారు, సైరను విని మాత్ర వేసుకునే ముసలాళ్లున్నారు. గోడ గడియారం తేడా చూపిస్తే బ్యాటరీ అయిపోయిందనుకుని దాన్ని సైరనుకి సరిపెట్టారు. పిల్లలందరూ ఒకేసారి ఆలస్యంగా వస్తుంటే హెడ్మాస్టరు మాత్రం ఎంతమందిని గోడకుర్చీ వేయించగలడు? బడి గంట కూడా జరిగింది. బడి జరిగాక ట్యూషన్లు జరిగాయి, ట్యూషన్లు జరిగాక సాయంత్రం పకోడీల బండి జరిగింది.

నెల తిరిగేసరికి ఊరు ఊరంతా ముప్పావుగంట వెనక ఉంది. సీరియళ్లు ముందే అయిపోతున్నాయని ఆడవాళ్లు కేబులువాణ్ని దుమ్మెత్తిపోశారు. వాడు హైదరాబాదు నుంచే ఫాస్టుగా వస్తోందమ్మా, నేనేం చెయ్యను అన్నాడు. టీవీ ఫాస్టు అన్న మాట అలా స్థిరపడిపోయింది. కాకినాడ బస్సు అందక నలుగురు తిట్టుకున్నారు, అయిదోవాడు మాత్రం పొలిమేర అవతల ఇండియా టైమురా, యానాం టైము వేరు అన్నాడు. ఆ మాట అందరికీ తెగ నచ్చింది. యానాం పాండిచ్చేరి కిందది కాబట్టి పెట్రోలు రేటు వేరు, మందు రేటు వేరు, సెలవులు వేరు, అలాంటప్పుడు టైము మాత్రం ఎందుకు ఒకటి కావాలి? గోదారి అవతల ఎదుర్లంక నుంచి పెళ్లి సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లని కూడా, మీ టైములో వస్తారా మా టైములో వస్తారా అని ముందే అడిగేవారు.

సుదీప్ ఒక్కడూ ఇది అన్యాయమని తిరిగాడు. టీ కొట్టు దగ్గర కూర్చుని, ఇది తప్పు టైమండి, సర్వరులో నేనే మార్చానండి, అసలు టైము దీనికి ముప్పావుగంట కలుపుకోవాలండి అని బతిమాలాడు. జనం జాలిగా చూశారు. పాపం ఎనిమిదేళ్లకి పిల్లలు పుడుతున్నారు, కంగారు ఉంటుంది కదా అనుకున్నారు. ఇంట్లోనూ అదే వరస. సత్యశ్రీ నవ్వి, టైము గొడవ మనకెందుకండీ, వాడు పుట్టేటప్పుడు పుడతాడు అనేది. ఎవరు పుట్టినా నేను చూడాలి కదే అనేవాడు.

ఊళ్లో అతని మాట నమ్మిన మనిషి ఒక్కతే ఉంది, అతని అత్తగారు వరలక్ష్మి. ఆవిడ యానాంలోనే అడివిపొలం అనే పేటలో ఉంటుంది. కాన్పుకి కూతుర్ని తీసుకెళ్లింది. చేతిలో పంచాంగం ఉన్న మనిషికి గడియారం సరిగా ఉండకపోతే ఎలా? అందుకని అల్లుడు గుమ్మంలోకి రాగానే, "నాకు కంపెనీ టైము చెప్పకండి బాబూ, ఇండియా టైము చెప్పండి" అనేది. సుదీప్‌కి ప్రాణం లేచొచ్చేది. నెలన్నర నుంచి అతను చెప్పేదాన్ని తలూపి వినేది ఆవిడొక్కర్తే మరి.

ఆవిడ లెక్క చూసి ఒకరోజు అల్లుణ్ని కూర్చోబెట్టి విషయం చెప్పింది. డాక్టరు చెప్పిన తేదీల దగ్గర్లోనే ఒక సాయంత్రం హస్త వెళ్లి చిత్త వస్తుంది. హస్త చివర పుడితే బంగారం. చిత్త మొదటి పాదంలో పుట్టారా, తండ్రికి గండం. వాళ్ల వంశంలో అలా పుట్టిన బిడ్డని తండ్రి మూడోనెల దాకా చూడటానికి వీల్లేదు. శాంతి చేయించి, నూనెగిన్నెలో ముందు నీడ చూసి, ఆ తర్వాతే మొహం. ఈలోపు తల్లీబిడ్డా ద్రాక్షారామంలో ఆవిడ తమ్ముడింట్లో ఉంటారు. సుదీప్ నవ్వేసి, నక్షత్రాలేంటండీ అత్తయ్యగారూ అన్నాడు. ఆవిడ నవ్వలేదు. మా నాన్న నవ్వాడు బాబూ, నన్ను పుట్టిన రోజే చూశాడు, నేను మాత్రం ఆయన్ని ఫొటోలోనే చూశాను అంది. ఆ తర్వాత సుదీప్ ఆవిడ ముందు నక్షత్రాల మాట ఎత్తలేదు. లోపల మాత్రం, అంతటి ఆకాశం నా బిడ్డ కోసం ఆ సాయంత్రాన్నే ఎంచుకుంటుందా ఏంటి అనుకున్నాడు.

దసరా వెళ్లాక రెండు నెలల గడువు దగ్గరపడింది. సెబాస్టియన్ ఇంక ఫోన్లతో లాభం లేదని స్వయంగా రైలెక్కి వచ్చాడు. మూర్తిగారితో తలుపులేసుకుని గంటసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు గాని బయటికొచ్చిన మూర్తిగారి మొహం మాడిన అట్టులా ఉంది. సరే మార్చుకోండి, కాకపోతే హస్తలో వద్దు, చిత్త వచ్చాక సాయంత్రం మార్చండి, యంత్రాలకి చిత్త మంచిదట అన్నారు. సుదీప్ గుండె ఎగిరి గంతేసింది. ఈ రాత్రికల్లా తను చెన్నై లెక్కలో మనిషైపోతాడు, రేపు సెలవు వస్తుంది, బిడ్డ పుట్టేసరికి అడివిపొలంలో ఉంటాడు.

సాయంత్రం దాకా ఆగుదాం అని సెబాస్టియన్ సర్వరు గదిలో కుర్చీ వేసుకుని, ఊరికే ఎందుకని తన పేరు కొట్టి లోపలికి వెళ్లబోయాడు. సర్వరు పొమ్మంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ పొమ్మంది. పోయిన నెల చెన్నైలో అతను పాస్‌వర్డ్ మార్చుకున్నాడు, ఆ సంగతి యానాం సర్వరుకి చేరనేలేదు. పాత పాస్‌వర్డేమో అతనికి గుర్తులేదు. కంపెనీలో ఉన్న సర్వర్లన్నిటికీ పెద్దదిక్కైన మనిషికి యానాం సర్వరు ముందు ఒక బుల్లబ్బాయికున్న పలుకుబడి కూడా లేదు. లోపలికి వెళ్లగలిగింది సుదీప్ ఒక్కడే. సెబాస్టియన్ అటు తిరిగి ఇంగ్లీషులో ఏదో అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే సుదీప్‌కి ఫోనొచ్చింది. సత్యశ్రీకి నొప్పులు మొదలయ్యాయి, నర్సింగుహోముకి తీసుకెళ్తున్నాం అంది అత్తగారు. సుదీప్ లేచాడు. పాస్‌వర్డ్ అన్నా చెప్పిపో అని సెబాస్టియన్ అరిచాడు. వచ్చి నేనే మార్చేస్తాను సార్ అంటూ, సెలవు పెట్టకుండా, ఏ సర్వరుకీ చెప్పకుండా, స్కూటరు మీద పరిగెత్తాడు సుదీప్.

నర్సింగుహోములో వరండా నిండా జనం. లోపల సత్యశ్రీ కేకలు. సుదీప్ తలుపు దగ్గర నిలబడి, చేతులు నలుపుకుంటూ, కూర్చుంటూ, లేస్తూ, మంచినీళ్లు తాగుతూ ఉండిపోయాడు. అతను వచ్చినప్పుడు కిటికీలోంచి ఎండ పడుతోంది. తర్వాత ఎండ పోయింది. ఎప్పుడు పోయిందో అతను చూసుకోలేదు. ఇన్నాళ్లూ ఊరందరికీ టైము చెప్పిన మనిషికి ఆ సాయంత్రం టైము గుర్తే లేదు. లోపల్నుంచి సన్నగా, కోపంగా ఒక ఏడుపు వినపడింది. సుదీప్ గోడకి చేరగిలబడ్డాడు.

నర్సు తెరేసా బయటికొచ్చి ఆడపిల్లండి, ఇద్దరూ క్షేమం అంది. సుదీప్ ఒక్క అంగలో గుమ్మం దగ్గరికి వెళ్లాడు. గుమ్మానికి అడ్డంగా వరలక్ష్మి నిలబడి ఉంది. ఆవిడ వెనక పచ్చటి తెర. తెర వెనక ఏడుపు.

"లోపలికి రాకండి బాబూ. ముందు టైమెంతో చెప్పండి."

తెరేసా గోడ గడియారం చూపించి, ఆరుకి పావుగంట తక్కువమ్మా, బిడ్డ బయటపడగానే చూశాను అంది. వరలక్ష్మి ఆమె వైపు తిరగను కూడా లేదు.

"అది కంపెనీ టైము. ఆరింటికి హస్త వెళ్లిపోయింది. ఇండియా టైము నాకు మా అల్లుడుగారు చెప్పాలి."

సుదీప్‌కి లెక్క కట్టడానికి క్షణం పట్టలేదు. ఆరుకి పావుగంట తక్కువకి ముప్పావుగంట కలిపితే ఆరున్నర. చిత్త మొదటి పాదం. మూడోనెల దాకా ద్రాక్షారామం. నూనెగిన్నె. అతనికి ఒళ్లు మండింది. ఇదంతా ఉత్తిదండీ, నాకు నమ్మకం లేదండీ, అడ్డు తప్పుకోండీ అని అనాలనుకున్నాడు. అనేవాడే. కానీ ఆవిడ ఏడుస్తోంది. గట్టిగా కాదు, కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి ఏడుస్తోంది.

"నాకు మనవరాలూ కావాలి, అల్లుడూ కావాలి బాబూ. తండ్రిని మింగిందని నన్ను అన్నట్టు దాన్ని ఎవరూ అనకూడదు. మీరు అబద్ధం ఆడరు. నిజం చెప్పండి."

సుదీప్ నోరు తెరిచాడు. రెండు నెలల నుంచి ఎవరు అడిగినా, అడక్కపోయినా, నిజం చెబుతూ తిరిగిన నోరు అది. మూర్తిగారితో చెప్పింది, టీ కొట్టులో చెప్పింది, చెన్నైకి చెప్పింది. ఊళ్లో నమ్మింది ఈవిడొక్కర్తే. ఇప్పుడు ఆ మనిషే ఎదురుగా నిలబడి, నమ్ముతాను చెప్పమని అడుగుతోంది. తెర వెనక ఏడుపు ఆగి, చిన్న తుమ్ము వినపడింది. అతని కూతురు తుమ్మింది. ఎవరిలా తుమ్మిందో చూడాలని అతనికి ప్రాణం కొట్టుకుపోయింది.

"ఆరుకి పావుగంట తక్కువండి అత్తయ్యగారూ."

"ఇండియా టైమా?"

"ఇండియా టైమేనండి. ఇయ్యాలే చెన్నై నుంచి పెద్దాయన ఒచ్చి చూశారండి. తప్పు నాదేనంట. మన సర్వరే కరెక్టు, వాళ్లదే ముప్పావుగంట ఫాస్టంట. రెండు నెల్లు అందర్నీ కంగారు పెట్టేశాను."

వరలక్ష్మి అతని కళ్లల్లోకి చూసింది. అంతలో వరండాలో టీవీ, ఆరున్నర వార్తల ముఖ్యాంశాలు మరోసారి అని అందుకుంది. వరలక్ష్మి తల అటు తిరిగింది.

"ఆ టీవీ ఎప్పుడూ ఫాస్టేనండి" అంది తెరేసా, అందరికీ తెలిసిన సంగతి ఇంకోసారి చెప్పాల్సొచ్చిందన్న విసుగుతో.

వరలక్ష్మి పెద్దగా ఊపిరి వదిలి, హస్త నాలుగో పాదం, మహారాజయోగం అని గుమ్మం వదిలింది. ఆవిడకి ఆ రోజు వచ్చినంత నిద్ర ఎనిమిదేళ్లలో రాలేదని తర్వాత చెప్పింది. అక్కడే బల్ల మీద ఒరిగిపోయింది.

సుదీప్ తెర తొలగించాడు. సత్యశ్రీ మంచం మీద, చెమటకి జుట్టంతా నుదుటికి అతుక్కుపోయి, అలసిపోయి పడుకుని ఉంది. కిటికీ అవతల చీకటి. వీధిదీపాలు వెలిగి ఎంతసేపైందో ఏమో. ఆమె ఆ చీకటి వైపు ఒకసారి చూసి, అతని వైపు చూసింది.

"అబద్ధాలు కూడా వచ్చా మీకు?" అంది చిన్నగా.

అతను చేతులు చాపాడు. తెరేసా బిడ్డని తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. ఎర్రగా, ముడతలు ముడతలుగా, పిడికిళ్లు బిగించి, లోకమంతా తనకి బాకీ ఉన్నట్టు మొహం పెట్టుకుని ఉంది. ముక్కు సత్యశ్రీది. తుమ్ము మాత్రం తనదేనని అతనికి ఎందుకో గట్టి నమ్మకం కలిగింది. కళ్లల్లో నీళ్లు తిరిగి పిల్ల మొహం మసకబారితే, ఇంత కష్టపడి వచ్చింది ఇది కనపడకుండా చేసుకోవడానికా అని తనని తానే తిట్టుకుని, భుజానికి కళ్లు తుడుచుకున్నాడు.

జేబులో ఫోను మోగింది. తెరేసా తీసి అతని చెవికీ భుజానికీ మధ్య ఇరికించింది. సెబాస్టియన్. చిత్త వచ్చేసిందట, మూర్తిగారు కొబ్బరికాయ కూడా పట్టుకుని నిలబడ్డారట. నువ్వు రాకపోతే పోనీ, పాస్‌వర్డ్ చెప్పు, నిమిషంలో గడియారం సరిచేసేస్తాను, సైరను ఈ రాత్రి నుంచే కరెక్టుగా మోగుతుంది, నీ సెలవు కూడా ఇప్పుడే పాస్ చేసేస్తాను అన్నాడు.

సైరను ముప్పావుగంట ముందు మోగితే బల్ల మీద పడుకున్న ఆవిడ లేస్తుంది. లేచి లెక్క వేస్తుంది. సుదీప్ పిల్లని ఇంకొంచెం దగ్గరికి పొదువుకున్నాడు.

"సరిచెయ్యడానికి ఏంలేదు సార్. మా టైము కరెక్టే."

ఎవరు చెప్పారు నీకు అన్నాడు సెబాస్టియన్.

"నేనే చెబుతున్నాను సార్. మా అమ్మాయి ఇందులోనే పుట్టింది."

ఇక సెబాస్టియన్ ఇంగ్లీషులోకి దిగాడు. రేపటినుంచి యానాం సర్వరు చచ్చినట్టే, దానితో పాటు నువ్వూ చచ్చినట్టే, చెన్నై లెక్కలో నువ్వు అసలు పుట్టనే లేదు అని అరుస్తున్నాడు. ఫోను కట్ చెయ్యాలంటే ఒక చెయ్యి తియ్యాలి. చెయ్యి తీస్తే పిల్ల మెడ వాలిపోతుంది. అందుకని సుదీప్ ఆయన్ని అలాగే అరవనిచ్చి, పిల్ల మొహం చూస్తూ కూర్చున్నాడు.